వగరు

క్రేగీబర్న్ దాటాక గానీ హీటర్ పనిచేయలేదు.
నస్రీన్ బండి, నస్రీన్ డ్రైవింగు, నస్రీన్ నియమాలు:
వెనక సీట్లో చిప్స్ తినరాదు,
మాజీ మొగుళ్ల ఊసు యూరోవా వచ్చేదాకా ఎత్తరాదు.
సీమర్ చేరకముందే కెజియా రెండూ చేసేసింది.

రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిందది,
మెడలో ఆసుపత్రి కార్డు ఇంకా ఊగుతోంది.
నేను లెక్కలదాన్ని:
పెట్రోలు ఎంత, గది ఎంత, తలా ఎంత.
హైమ ముందు సీట్లో అద్దం కాస్త దించి
చలిగాలికి ముఖం ఇచ్చింది,
కుక్కపిల్లలా ముక్కు ఎగరేసి,
ఏదీ అందదని తెలిసి కూడా.

రెండేళ్లయింది.
మూడు రోజులుండి వెళ్లిన జ్వరం
పోతూ పోతూ ఆమె వాసనల్ని మూటగట్టుకుపోయింది.
అప్పట్నుంచీ కాఫీ అంటే వేడి,
ఆవకాయ అంటే మంట,
అన్నం అంటే ఒక పని.
ఇదంతా ఆమె చెప్పలేదు.
గ్యాసు లీకవుతున్నా తెలియక
అదే వంటింట్లో కూర్చుని పేపరు చదువుకుందని
ఆలస్యంగా, పక్కింటావిడ చెప్తే తెలిసింది.

వయొలెట్ టౌన్ అని బోర్డు వచ్చింది.
చూపు మేరా గడ్డి, గొర్రెలు, పొగమంచు.
ఊదా రంగు ఎక్కడే, అంది కెజియా.
"పేరైనా మిగిలింది కదా" అంది హైమ.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.

రూథర్‌గ్లెన్.
ఇటుకల నీళ్ల ట్యాంకుకి ఇనప వలతో మెడ తొడిగి
ఆకాశమంత సీసాని చేసి నిలబెట్టారు.
ఒకప్పుడు బంగారం తవ్విన ఊరు.
బంగారం అడుగంటితే ద్రాక్ష,
ద్రాక్ష వేళ్లని పురుగు కొరికేస్తే
మళ్లీ ద్రాక్షే.
జూన్ నెల, తీగలన్నీ కత్తిరించేశారు.
వరసలు వరసలుగా నల్లటి మోళ్లు,
రాని బస్సు కోసం నిలబడ్డట్టు.

రేకుల షెడ్డులో, పీపాల మధ్య
క్లైవ్ అనే పెద్దాయన చిన్న గ్లాసుల్లో మస్కట్ పోశాడు.
"అరిసెల పాకం" అంది కెజియా.
మాడబోయి మాడని బెల్లం, అన్నాను నేను.
నస్రీన్ తాగదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు కళ్లు మూసుకుంది:
"మా నానమ్మ ట్రంకు పెట్టె.
అడుగున శాలువా. శాలువా మడతలో
ఎవరో దాచి మర్చిపోయిన నారింజ తొక్క."
ముట్టనిదానికే మాకన్నా ఎక్కువ దొరికింది.
హైమ గ్లాసుని వెలుతురుకి ఎత్తి
"రంగు బాగుంది" అంది మర్యాదగా.

ఆఖరున డ్యూరిఫ్. నల్లని ఎరుపు.
ఇది నోటితో తగువు పెట్టుకుంటుంది, జాగ్రత్త, అన్నాడాయన.
హైమ ఒక్క గుక్క తాగి ఆగిపోయింది.
నాలుకతో అంగిలిని తడిమింది,
బుగ్గలు లోపలికి లాక్కుంది,
"ఏయ్" అంది, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు.
ఇంకో గుక్క.
"పిందె జామకాయ. కాదు, నేరేడుపండు.
వగరే! వగరుగా ఉందే!"

ఏమంటోంది, అని క్లైవ్ అడిగాడు.
డ్రై అన్నాం, రఫ్ అన్నాం,
ముగ్గురం మూడు ఇంగ్లీషులు వెతికాం,
ఏదీ నాలుకని పట్టుకోలేదు.
చివరికి ఆయనే "వగారూ" అని సాగదీసి
బిల్లు వెనక రాసుకున్నాడు.
నర్సు కదా, కెజియా ఊరుకోదు:
అది అసలు రుచి కాదే, స్పర్శ,
దానికి ముక్కుతో పనిలేదు.
"ఏదో ఒకటి, వచ్చింది" అంది హైమ
నాలుక బయటపెట్టి.
నాలుక నిండా ఊదా.

ఆరు సీసాలు కొంది. నా లెక్కలన్నీ తప్పాయి.

రాత్రి మోటెల్ గదిలో హీటర్ వేస్తే
ఏళ్లనాటి దుమ్ము కాలిన కంపు.
ముగ్గురం కిటికీ తెరవాలా, చలికి చావాలా అని
ఒంటిగంట దాకా కొట్టుకున్నాం.
హైమ మాత్రం హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయింది.